భర్త ఉద్యోగం పోయింది: నా బంగారం అమ్మి అప్పులు తీర్చాలా?

నిజాంపేట నివాసి:
అందరికీ నమస్కారం. పోయిన నెల మా ఆయన పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక్కసారే చాలామందిని తీసేశారు. రెండు నెలల జీతం ఇచ్చి పంపేశారు. ఆయన జీతం 1,35,000. నేను ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, నాకు 41,000 వస్తుంది.

నెలనెలా కట్టాల్సినవి: ఇంటి లోను 42,000, పర్సనల్ లోను 19,400 (ఇంకా ఐదున్నర లక్షలు ఉంది), కారు 13,500, చీటీ 20,000. ఇవి కాక ఆయన క్రెడిట్ కార్డు మీద 2,80,000 బాకీ.

నా హారం, వడ్డాణం అమ్మేస్తే కార్డూ, పర్సనల్ లోనూ రెండూ తీరిపోతాయి, కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు అంటున్నారు ఆయన. మా అమ్మ ససేమిరా వద్దంటోంది. ఇద్దరి మధ్యా నాకు ఏం తోచడం లేదు. అమ్మాలా వద్దా?

పాత బ్యాంకర్:
అమ్మా, బంగారం సంగతి పక్కనపెట్టి ముందు లెక్క చూద్దాం. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుంటే 2,80,000 మీద 9,800. దానికి 18 శాతం జీఎస్టీ. మొత్తం 11,564 రూపాయలు. మీరు మినిమమ్ డ్యూ, అంటే నెలకు కనీసం కట్టాల్సిన మొత్తం, మాత్రమే కడుతుంటే అందులో ఎక్కువ భాగం ఈ వడ్డీకే పోతుంది, అసలు కదలదు. అదే సొమ్ము బంగారం మీద ఏడాదికి 9 శాతానికి తెస్తే నెలకు 2,100. ఇంత తేడా కళ్ల ముందు కనిపిస్తుంటే ఆలోచించడానికి ఏముంది? అమ్మనక్కర్లేదు, తాకట్టు పెట్టి ఈ వారమే కార్డు మూసేయండి.

రెండోది ఇల్లు. వాయిదా 90 రోజులు దాటి నిలిచిపోతే ఖాతా మొండి బాకీల్లోకి వెళ్తుంది. ఆ పైన, తాకట్టులో ఉన్న ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు. ఒక్క వాయిదా కూడా తప్పకముందే బ్రాంచికి వెళ్లి, గడువు పెంచి వాయిదా తగ్గించమని కాగితం మీద రాసి ఇవ్వండి. తప్పిన తర్వాత వెళితే అదే మేనేజరు మీతో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. ముప్పై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి, చెబుతున్నాను.

వరంగల్ వాలా:
కారు అమ్మేయండి. బంగారం కన్నా ముందు కారు.

కృష్ణాతీరం:
చెల్లీ, బంగారం ముట్టుకోవద్దు. బ్యాంకరు గారి లెక్క కాగితం మీద బాగానే ఉంటుంది. మా ఇంట్లో కూడా ఆరు నెలల్లో విడిపిస్తానని చెప్పే తీసుకెళ్లారు. వ్యాపారం దెబ్బతింది, వడ్డీ కట్టలేదు, నగలు వేలానికి వెళ్లాయి. మా అమ్మ పెట్టిన కాసులపేరు మళ్లీ నా కంటపడలేదు. ఇప్పుడు వ్యాపారం బాగుంది, కొత్త ఇల్లు కూడా కట్టారు, నా బంగారం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నేను ఎత్తితే ఇంకా పాత విషయాలు పట్టుకుని వేలాడుతున్నావా అంటారు.

పుట్టింటి వాళ్లు పెట్టిన బంగారం స్త్రీధనం, దాని మీద పూర్తి హక్కు భార్యదేనని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఉంటుందంది.

పాత బ్యాంకర్:
కృష్ణాతీరం గారూ, మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ హక్కు ఎవరిదన్నది కాదు నేను మాట్లాడేది. ఆ అమ్మాయి హక్కు ఆమెదే. కార్డు వడ్డీ మాత్రం ప్రతి నెలా పెరుగుతూనే ఉంటుంది, ఆమె ఇష్టాయిష్టాలతో దానికి పని లేదు.

తులం లెక్క:
తాకట్టు ఎందుకండీ, అమ్మేయడమే నయం. తులం లక్ష దాటింది, ఇంతకన్నా మంచి రేటు ఎప్పుడొస్తుంది? తొమ్మిది శాతం వడ్డీ మాత్రం ఎందుకు కట్టాలి?

కృష్ణాతీరం:
లక్ష దాటింది సరే, రేపు మళ్లీ కొనాలంటే మజూరీ, తరుగు ఎవరిస్తారు? పాత నగ అమ్మితే అవేవీ లెక్కలోకి రావు.

తులం లెక్క:
అందరూ తరుగు తరుగు అంటారు. అది కొన్నప్పుడే పోయిన డబ్బు. ఇప్పుడు చూడాల్సింది ఈరోజు రేటు ఒక్కటే. నేను పోయినసారి అమ్మకుండా ఆగాను, తర్వాత రేటు తగ్గింది.

ఏలూరు పిల్ల:
తర్వాత మళ్లీ పెరిగింది కదా సార్.

తులం లెక్క:
అది వేరే విషయం.

లేఆఫ్ బాధితుడు:
నేనూ లేఆఫ్‌లో పోయినవాణ్ణే కాబట్టి రెండు మాటలు చెప్పాలి. పొద్దున ఒక మీటింగ్, అది అయ్యేసరికి ల్యాప్‌టాప్ లాక్ అయిపోయింది. మావాళ్లు తీసేశామని రాయలేదు, నాతోనే పోర్టల్‌లో రాజీనామా పెట్టించారు. ఇంటి లోనుతో పాటు అంటగట్టిన ఇన్సూరెన్సులో ఉద్యోగం పోతే కొన్ని వాయిదాలు వాళ్లే కడతారని ఉంది. తీరా అడిగితే రాజీనామాకు వర్తించదన్నారు. మీ ఆయన దగ్గర ఏ కాగితం ఉందో ముందు చూడండి. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్సు కూడా ఉద్యోగంతోనే పోతుంది. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుంటుంది, గడువు దాటకముందే అడగండి.

ఇక బంగారం విషయం. మా ఆవిడ నేను నోరు తెరిచి అడగకముందే గాజులు తీసి టేబుల్ మీద పెట్టింది. ఆ రోజు ఆమె అలా చేయకపోతే నేను నిలబడేవాణ్ణి కాదు. ఇక్కడ అందరూ హక్కులు, తీర్పులు అంటున్నారు. ఉద్యోగం పోయిన మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో ఎవరూ అడగడం లేదు.

కృష్ణాతీరం:
ఆమె తనంతట తాను తీసి ఇచ్చింది. ఇక్కడ ఆయన అడుగుతున్నారు. రెండూ ఒకటి కాదు తమ్ముడూ.

డాలస్ తెలుగు:
ఇక్కడ హెచ్‌1బీ అనే అమెరికా వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే 60 రోజులే గడువు. ఆలోగా ఇంకోటి దొరక్కపోతే సర్దుకోవాలి. హైదరాబాద్‌లో ఫ్లాటు లోను ఇక్కడి నుంచే కడుతున్నాం. మీ పోస్టు చదువుతుంటే టెన్షన్ వస్తోంది.

కొత్త సభ్యుడు:
పీఎఫ్ తీసుకోవచ్చు కదా?

పాత బ్యాంకర్:
తీసుకోవచ్చు. ఇదివరకు రెండు నెలలు ఖాళీగా ఉంటే మొత్తం తీసుకునే వీలుండేది. 2025 అక్టోబరులో పీఎఫ్ ట్రస్టీల బోర్డు చేసిన నిర్ణయంలో 75 శాతం వెంటనే, మిగతా 25 శాతం 12 నెలల తర్వాత అన్నారు. పాత కంపెనీల సర్వీసు కూడా కలిపి ఐదేళ్లు దాటితే పన్ను పడదు. కానీ కార్డు తీర్చడానికి పీఎఫ్ ముట్టుకోవడం నాకు నచ్చదు. అది ఇంటి వాయిదాలకు, తిండికి ఆఖరి ఆసరా.

నిజాంపేట అమ్మాయికి ఇంకో మాట. తాకట్టుకు వెళితే బంగారం విలువ కట్టే అప్రైజరు నగను గీటురాయి మీద రుద్ది, రాళ్ల బరువు, లక్క బరువు తీసేసి నికర బరువు రాస్తాడు. ఇంట్లో 60 గ్రాములు తూగిన హారం అక్కడ 48 అవ్వొచ్చు, కంగారు పడకండి. రసీదు మీద ఒక్కో నగ పేరు, మొత్తం బరువు, నికర బరువు విడివిడిగా ఉన్నాయో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి. 2026 ఏప్రిల్ 1 నుంచి రెండున్నర లక్షల లోపు అప్పుకు విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు రూలు. అవసరమైన దానికి మించి నగ పెట్టకండి.

కృష్ణాతీరం:
అప్పు ఎవరి పేరు మీద రాస్తారో అది కూడా చెప్పండి సార్. తాకట్టు ఆమె పేరునే ఉంటుంది. కట్టకపోతే ఫోన్లు ఆమెకే వస్తాయి. ఇప్పటిదాకా కార్డు ఆయన పేరు మీద ఉంది. మీరు చెప్పిన లెక్కలో వడ్డీ తగ్గింది నిజమే, అప్పు మాత్రం ఆయన పేరు మీంచి ఆమె పేరు మీదికి వచ్చింది.

పాత బ్యాంకర్:
ఇల్లు ఒకటే కదమ్మా. ఆయన పేరైనా ఆమె పేరైనా కట్టేది ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లు.

కృష్ణాతీరం:
ఆ మాట నాకూ చెప్పారు.

నిజాంపేట నివాసి:
అందరి సమాధానాలూ చదివాను. ఒక విషయం ముందే రాయాల్సింది, రాయబుద్ధి కాలేదు. ఆ పర్సనల్ లోను సంగతి నాకు తెలియదు. ఉద్యోగం పోయాక అప్పులన్నీ ఒక కాగితం మీద రాయమంటే అప్పుడు బయటపడింది. రెండేళ్ల క్రితం కరీంనగర్‌లో మా మరిది షాపు పెట్టుకుంటే ఆయన ఎనిమిది లక్షల లోను తీసి ఇచ్చారట. అప్పటి నుంచి నెలనెలా కడుతూనే ఉన్నారు. మా మరిది ఒక్క రూపాయి తిరిగి ఇవ్వలేదు. కార్డు బాకీలో కూడా షాపు ఫర్నిచరు కొంత ఉంది.

ఫ్లాటు ఆయన ఒక్కరి పేరు మీదే ఉంది. లోనులో మాత్రం నేను కో అప్లికెంటుని, అంటే ఆయనతో పాటు నేనూ అప్పుదారునే.

కృష్ణాతీరం:
అదీ అసలు సంగతి. మరిది షాపు అప్పు మీ వడ్డాణంతో తీర్చమంటున్నారు.

లేఆఫ్ బాధితుడు:
అన్నగా తమ్ముడికి సాయం చేయడం తప్పా? జీతం వస్తున్నన్నాళ్లూ ఎవరికీ భారం కాకుండా ఆయనే కట్టుకున్నారు కదా. ఇవాళ ఉద్యోగం పోయింది కాబట్టి ఆయన చేసినవన్నీ తప్పులయ్యాయి. నా విషయంలో మా బావమరుదులు కూడా ఇలాగే మాట్లాడారు. జీతం తెచ్చినప్పుడు ఎవరూ లెక్క అడగరు.

కృష్ణాతీరం:
లెక్క అడగనివ్వలేదు కాబట్టే అడగలేదు! రెండేళ్లు నెలకు 19,400 ఇంట్లోంచి వెళుతుంటే పక్కన పడుకునే మనిషికి తెలియకుండా దాచారు. అది సాయం అయితే చెప్పి చేయొచ్చు.

లేఆఫ్ బాధితుడు:
చెబితే ఒప్పుకునేవారా? అందరు ఆడవాళ్లూ అత్తింటి వైపు ఖర్చు అనగానే ముఖం మాడ్చుకుంటారు.

ఏలూరు పిల్ల:
ఇది చాలా తప్పు మాట. వెనక్కి తీసుకోండి.

వరంగల్ వాలా:
ఆవేశపడకండి ఇద్దరూ. ఆమె అడిగింది వేరే.

నిజాంపేట నివాసి:
లేఆఫ్ బాధితుడు గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది, అదే బాధ మా ఇంట్లో రోజూ చూస్తున్నాను. మా ఆయన అన్నం సగం తిని లేచిపోతున్నారు. ఆయన్ని నిలదీయాలని నాకు లేదు. చెప్పి ఉంటే ఒప్పుకునేదాన్నా అంటే, మా మరిదికి ఎనిమిది లక్షలు కాదు, మూడు లక్షలిద్దాం అనేదాన్నేమో. ఆ మాట అనే అవకాశం నాకు రాలేదు. ఇప్పుడు మాత్రం మనమిద్దరం కలిసి మోద్దాం అంటున్నారు. నగ పోతుందని కాదు నా ఏడుపు. ఇది ఇచ్చాక కూడా ఇంట్లో ఇంకెన్ని కాగితాలు నాకు తెలియకుండా ఉన్నాయోనని భయం.

పాత బ్యాంకర్:
అమ్మా, ఇది ముందే తెలిసి ఉంటే నేను వడ్డీ దగ్గర మొదలుపెట్టేవాణ్ణి కాదు. కార్డు విషయంలో నా లెక్క మారదు, అది మూయాల్సిందే. పర్సనల్ లోను మాత్రం మీ బంగారంతో తీర్చవద్దు. ఆ అప్పుకు షాపు ఉంది, నడుస్తున్న వ్యాపారం ఉంది. నెలకు 19,400 మీ మరిది కట్టాలి, కనీసం సగమైనా.

ఇద్దరూ కలిసి కూర్చుని ఆయన పేరు మీద సిబిల్ రిపోర్టు తీయండి. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీల అప్పులన్నీ అందులో కనిపిస్తాయి. చేబదుళ్లు కనిపించవు, అవి ఆయనే నోటితో చెప్పాలి.

వరంగల్ వాలా:
చీటీ సంగతేంటి? పాడుకోవచ్చు కదా.

నిజాంపేట నివాసి:
ఐదు లక్షల చీటీ, నా పేరు మీదే, ఇంకా పాడలేదు. పాడితే జామీను కావాలంటున్నారు. ఇద్దరు ఉద్యోగస్తుల జీతం కాగితాలు తెమ్మన్నారు. ఆయన కాగితం ఇప్పుడు చెల్లదు. ఆఫీసులో ఎవర్ని అడగాలన్నా మొహమాటంగా ఉంది.

లేఆఫ్ బాధితుడు:
నా మాట కొంచెం దురుసుగా వచ్చింది. కానీ తమ్ముణ్ణి ఇప్పుడు పిలిచి డబ్బు అడిగితే ఆయనకి ఉన్న పరువు కూడా పోతుందన్నది నా అభిప్రాయం. అది మారదు.

కృష్ణాతీరం:
ఆయన పరువు కోసం ఆమె వడ్డాణం అమ్మాలన్నది మీ అభిప్రాయం. అది నేను ఒప్పుకోను.

నిజాంపేట నివాసి:
రాత్రి ఇద్దరం మాట్లాడుకున్నాం. కారు అమ్మకానికి పెడుతున్నాం, లోను పోను ఎంత మిగిలినా సరే. కార్డు కోసం నా గాజులు, హారం తాకట్టు పెడతాను. వడ్డాణం ఇవ్వను, ఆయనకీ చెప్పేశాను, ఆయన ఏమీ అనలేదు. మా మరిదిని ఆదివారం రమ్మన్నారు, ఆయనే ఫోన్ చేశారు. ఇప్పటిదాకా ఇచ్చినదానికి ప్రామిసరీ నోటు రాయించుకుందామని నేనంటే తమ్ముడి దగ్గర నోటేంటి అని ఇంకా నసుగుతున్నారు. పాత బ్యాంకర్ గారూ, నోటు రాయిస్తే ఎన్నేళ్లు చెల్లుతుంది?

పాత బ్యాంకర్:
రాసిన తేదీ నుంచి మూడేళ్లు. రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం పెట్టించండి. ఆలోపు మీ మరిది ఎంత కట్టినా, వెయ్యి రూపాయలైనా సరే, నోటు వెనక ఆయన చేతే చెల్లు రాయించి సంతకం తీసుకోండి, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు వస్తుంది. సోమవారం మాత్రం ఇంటి లోను ఉత్తరం పట్టుకుని బ్రాంచికి వెళ్లండి, ఆదివారం ఏం తేలినా తేలకపోయినా.