పాత వోల్వో 240 వ్యాగన్‌కి టర్బో ఇంజన్ వేస్తే బ్రేకులు ఏవి పెట్టాలి?

నా 1990 వోల్వో 240 స్టేషన్ వ్యాగన్ బాడీ గట్టిగానే ఉంది, ఇంజనే బాగా అరిగిపోయింది. వోల్వో 940 కారు నుంచి తీసిన బీ230ఎఫ్‌టీ టర్బో ఇంజన్ వేద్దామనుకుంటున్నాను. ఈసీయూ (ఇంజన్‌ని నియంత్రించే కంప్యూటర్), ఇంజెక్టర్లు, ఇంటర్‌కూలర్ పని నేను చూసుకోగలను.

టెన్షన్ అంతా బ్రేకుల గురించే. 240లో ముందు ఒక్కో క్యాలిపర్‌కి (ప్యాడ్లతో డిస్కుని నొక్కే భాగం) నాలుగు పిస్టన్లు, రెండు బ్రేక్ ఆయిల్ హోస్‌లు. బ్రేక్ ఆయిల్ రెండు విడి సర్క్యూట్లలో వెళ్తుంది; ఒక్కో సర్క్యూట్ ముందు రెండు చక్రాలకీ, వెనక ఒకదానికీ వెళ్తుంది కాబట్టి ఒకటి లీకైనా ముందు బ్రేకులు పడతాయి. ఒకే హోస్ ఉన్న పెద్ద క్యాలిపర్లు పెడితే ఆ భద్రత పోతుంది. పిల్లలు ఎక్కే బండి, అది వదులుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు.

ఆ రెండు సర్క్యూట్లు అలాగే ఉంచి వెంటిలేటెడ్ డిస్కులు (చల్లబడేందుకు మధ్యలో గాలి ఆడే ఖాళీలున్నవి) వేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? 14 అంగుళాల చక్రాల్లో పట్టాయా? మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని నెట్టేది) మార్చాల్సి వచ్చిందా? నిండా సామానుతో ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడిందా లేదా అన్నది కూడా దయచేసి చెప్పండి.