అప్‌డేట్: సంసార పెర్ఫ్యూమ్ వాడి చూశాను

ఫ్రెంచ్ సెంట్ల కంపెనీ గెర్లాన్ వారి సంసార మన తిరుపతి ఎండకి పనికొస్తుందా, మరీ మత్తుగా ఉంటుందా అని అడిగాను కదా. ముందు చిన్న శాంపిల్ తెప్పించుకున్నా.

1989లో వచ్చిన సెంటు ఇది. జాజి, శ్రీగంధం దీనికి ప్రాణం. కొట్టుకోగానే పూలు గుప్పుమంటాయి. కాసేపటికి అవి తగ్గి చెక్క వాసన వెన్నలా మెత్తగా దిగుతుంది. నాకు నచ్చింది అక్కడే.

అవ్వ నా మణికట్టు పట్టుకుని వదల్లేదు, "దేవుడింట్లో గంధం తీసినట్టుందే" అని. వదినకేమో పాత పౌడరు డబ్బా గుర్తొచ్చి తలనొప్పి! మా ఆయనకి కాసేపయ్యాక వాసనే తెలియలేదట. అదీ మామూలే, గంధం, మస్క్ (కస్తూరి వాసన) లాంటి కొన్ని బరువైన అణువులు కొందరి ముక్కుకి అందవు.

పిన్నమ్మ అయితే "మన శేషాచలం ఎర్రచందనమా?" అనేసింది. కానే కాదు. ఎర్రచందనం చేవలో రంగే గానీ చెప్పుకోదగ్గ వాసన ఉండదు. ఈ మెత్తదనం శ్రీగంధంలోని శాంటలాల్ అనే వాసన పదార్థానిది, దానికి తోడు ల్యాబులో చేసిన గంధం.

మిట్టమధ్యాహ్నం ఆటోలో మాత్రం నాకే ఊపిరాడలేదు. సాయంత్రాలకి, ఏసీ హాల్లో పెళ్లిళ్లకి బ్రహ్మాండం. తిరుమల కొండకి వెళ్లేటప్పుడు వేసుకోను, పూలే పెట్టుకోని చోట సెంటెందుకు? పెద్ద సీసా కొంటున్నా. వదిన వచ్చే రోజు మాత్రం బీరువాలోనే ఉంటుంది.