రాపిడ్ బస్సు ప్రతిపాదన: 15 బస్సులు ఎందుకు? లెక్క తేలట్లేదు, సాయం చేయండి

రోజూ ప్రయాణికుడు:
మా రూట్లో రాపిడ్ బస్సు పెడతామని ప్రతిపాదన వచ్చింది. అభిప్రాయాలు పంపడానికి రేపు సాయంత్రమే ఆఖరు. మధ్యాహ్నం నుంచి దీంతోనే కుస్తీ పడుతున్నాను. ప్రయాణ సమయం 52 నిమిషాలు. 8 నిమిషాలకో బస్సు. 52ని 8తో భాగిస్తే ఆరున్నర, అంటే 7 బస్సులు చాలు. ప్రతిపాదనలో మాత్రం 15 బస్సులు కావాలని ఉంది. రెట్టింపు దాటిపోయింది! మిగతా 8 బస్సులు ఎక్కడ తిరుగుతాయి? ఎక్సెల్‌లో ఎన్ని రకాలుగా వేసినా ఆ 15 రావట్లేదు. అనవసరంగా ఎక్కువ బస్సులు చూపించారని రాసి పంపేద్దామనుకుంటున్నాను. పంపే ముందు ఎవరైనా ఒకసారి చూడండి. బుర్ర వేడెక్కిపోయింది.

డిపో మనిషి:
52 పోవడానికా, పోయి రావడానికా?

రోజూ ప్రయాణికుడు:
పోవడానికే అండీ. ఈ చివర నుంచి ఆ చివరకి. అది తెలిసిందే కదా.

డిపో మనిషి:
పోయిన బస్సు తిరిగి రావాలి. 104.

రోజూ ప్రయాణికుడు:
104ని 8తో భాగిస్తే 13. అప్పుడూ 15 కాదు కదండీ. రెండు బస్సులు తేడా ఉంది.

ప్రత్యేక దారి:
బస్సుల సంఖ్య సంగతి తర్వాత. ముందు ఒక్కటి చెప్పండి, బస్సుకి విడిగా లేన్ ఇస్తున్నారా లేదా? లేన్ లేకపోతే ఆ 52 నిమిషాలు కాగితం మీదే మిగులుతాయి. బ్రెజిల్‌లోని కురిటిబాలో 1974లోనే రోడ్డు మధ్యలో బస్సులకి దారి వేశారు. 1991లో గొట్టం ఆకారపు స్టేషన్లు కట్టారు. టికెట్ స్టేషన్లోనే తీసుకుని, బస్సు ఫ్లోర్ ఎత్తులో ఉన్న ప్లాట్‌ఫామ్ మీద నుంచి నేరుగా లోపలికి అడుగు పెట్టేలా చేశారు. కొలంబియాలోని బొగోటాలో 2000 డిసెంబరులో ట్రాన్స్‌మిలేనియో అనే బస్సు వ్యవస్థ మొదలైంది, మన దేశంలో అలాంటిదే అహ్మదాబాద్ జన్‌మార్గ్ 2009లో వచ్చింది. ఇవన్నీ ముందు రోడ్డు మీద చోటు ఇచ్చి, తర్వాత బస్సులు నడిపినవి. ఢిల్లీలో 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల కారిడార్ పెట్టి 2016లో తీసేశారు. లేన్ కోసం గట్టిగా నిలబడకపోతే అలా అవుతుంది. మీరు రాసే అభిప్రాయంలో మొదటి వాక్యం లేన్ గురించే ఉండాలి. బస్సులు 13 అయితే ఏంటి, 15 అయితే ఏంటి, కార్ల వెనక నిలబడేవే కదా.

రోజూ ప్రయాణికుడు:
లేన్ లేదు సర్. స్టాపులు తగ్గిస్తారు, సిగ్నళ్ల దగ్గర బస్సుకి ప్రాధాన్యం "పరిశీలిస్తారు". నా ప్రశ్న మాత్రం ఆ రెండు బస్సుల గురించే.

పాత పాస్:
లేన్ లేకపోతే దాన్ని రాపిడ్ అని పిలవనే కూడదు. పరిమిత స్టాపుల బస్సు అనాలి, అంతే. బీఆర్‌టీ, అంటే బస్ రాపిడ్ ట్రాన్సిట్, అనాలంటే అంతర్జాతీయంగా వాడే ప్రమాణం ప్రకారం కనీసం 3 కిలోమీటర్ల ప్రత్యేక లేన్ ఉండాలి.

ప్రత్యేక దారి:
నేను చెప్పిందీ అదే కదండీ!

కిటికీ సీటు:
ప్రతిపాదనలో బీఆర్‌టీ అని ఎక్కడా రాసినట్టు లేదు. లాస్ ఏంజెలెస్‌లో 2000లో మెట్రో రాపిడ్ బస్సులు మొదలుపెట్టినప్పుడు విడి లేన్లు ఇవ్వలేదు. స్టాపులు దూరం చేశారు, సిగ్నల్ ప్రాధాన్యం ఇచ్చారు. ప్రయాణ సమయం బాగానే తగ్గింది. లేన్ ఉంటే ఇంకా మంచిదే, కాదనను. కానీ లేన్ లేదు కాబట్టి ఏమీ జరగదనడం సరికాదు.

పాత పాస్:
జరుగుతుందా లేదా అనలేదు నేను. పేరు గురించి మాట్లాడుతున్నాను. రేపు లేన్ అడిగితే "మీకు రాపిడ్ ఇచ్చేశాం కదా" అంటారు. అందుకే పేరు ముఖ్యం.

లెక్కల మాస్టారు:
బాబూ, రెండు చివర్లా బస్సు ఎంతసేపు ఆగుతుందో ప్రతిపాదనలో ఉందా? టైమ్‌టేబుల్ అనుబంధం ఏదైనా జతచేస్తే చూడండి.

రోజూ ప్రయాణికుడు:
ఉంది మాస్టారూ. ఒక్కో చివర 8 నిమిషాలు. అది ప్రయాణం కాదు కదా అని తీసుకోలేదు.

లెక్కల మాస్టారు:
మీ రెండు బస్సులు అక్కడే ఉన్నాయి. 52 పోను, 52 రాను, చివర్లలో 8, 8. మొత్తం 120 నిమిషాలు. అంటే ఒక బస్సు బయల్దేరిన చోటుకి వచ్చి, మళ్లీ బయల్దేరడానికి రెండు గంటలు. ఆ రెండు గంటల్లో 8 నిమిషాలకొకటి చొప్పున 15 బస్సులు కదలాలి. ఇందులో ఎక్కువ చూపించిందేమీ లేదు.

ఆ చివర ఆగే సమయాన్ని కత్తిరించమని మాత్రం రాయకండి. దారిలో ఐదు నిమిషాలు ఆలస్యమైన బస్సు మళ్లీ టైముకి బయల్దేరాలంటే ఆ 8 నిమిషాలే ఆధారం.

డిపో మనిషి:
డ్రైవర్ బాత్రూమ్‌కి కూడా వెళ్లాలి. స్పేర్ బస్సులు ఈ 15లో లేవు. విడిగా చూపించాలి.

మధ్య స్టాప్:
స్టాపులు తగ్గిస్తారని పైన చదివి ఆగిపోయాను. ఎన్ని తీసేస్తున్నారండీ? మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఇప్పుడున్న స్టాపుకే మధ్యలో ఒక గోడ మీద కూర్చుని, ఆగి వెళ్తుంది. ఈ లెక్కల్లో నడక ఎవరూ వేయరు. స్టాపుకీ స్టాపుకీ దూరం రెట్టింపైతే మధ్యలో ఉన్నవాళ్లు నడిచే దూరమూ రెట్టింపే కదా?

రోజూ ప్రయాణికుడు:
40 స్టాపుల్లో 20 ఉంటాయి. అయినా మామూలు బస్సు అన్ని స్టాపుల్లోనూ ఆగుతుందండీ, అది తీసేయట్లేదు. ఇప్పుడు 8 నిమిషాలకోసారి వచ్చేది ఇకపై 16 నిమిషాలకోసారి వస్తుంది.

లెక్కల మాస్టారు:
ఇది మొదటి పోస్టులోనే రావాల్సిన మాట! మొత్తం ప్రతిపాదన ఇక్కడ ఉంది. మామూలు బస్సుకి ఒకవైపు ఎంతసేపు?

రోజూ ప్రయాణికుడు:
70 నిమిషాలు. చివర్లలో 10, 10.

లెక్కల మాస్టారు:
సరే. 160 నిమిషాల చుట్టు. ఇప్పుడు 8 నిమిషాలకొకటి అంటే 20 బస్సులు తిరుగుతున్నాయి. రేపు 16 నిమిషాలకొకటి అంటే 10. దానికి రాపిడ్ 15 కలిపితే 25. కొత్తగా కావాల్సినవి 5 బస్సులు, స్పేర్లు కాక. కాబట్టి 15 మీద అభ్యంతరం పెడితే నిలవదు.

అడగాల్సింది వేరే ఉంది. 70 నుంచి 52కి దిగాలంటే 18 నిమిషాలు మిగలాలి. ఎక్కడి నుంచి మిగులుతాయి? ఒక స్టాపు దాటేస్తే వేగం తగ్గించడం, తలుపు, మళ్లీ ట్రాఫిక్‌లోకి చొరబడడం అన్నీ కలిపి అర నిమిషం మిగులుతుందనుకుందాం. 20 స్టాపులకి 10 నిమిషాలు. మిగతా 8 నిమిషాలో? టికెట్ ఎక్కాక తీసుకోవాలా, ముందే తీసుకోవాలా?

రోజూ ప్రయాణికుడు:
ఎక్కాకే. ముందు తలుపులోంచే ఎక్కాలి.

కిటికీ సీటు:
అక్కడే పోతుంది టైమంతా. రద్దీ వేళ ఏదైనా పెద్ద స్టాపులో నిలబడి చూడండి. మొదటి మనిషి మెట్టు మీద నిలబడి చిల్లర వెతుక్కుంటాడు, రెండో మనిషి బ్యాగు తలుపులో ఇరుక్కుంటుంది, వెనక తలుపు దగ్గర దిగేవాళ్లంతా ఎప్పుడో దిగిపోయి ఉంటారు. బస్సు మాత్రం కదలదు. న్యూయార్క్‌లో 2008లో సెలెక్ట్ బస్ పెట్టినప్పుడు స్టాపులోనే మెషిన్ దగ్గర టికెట్ తీసుకుని ఏ తలుపులోంచైనా ఎక్కే పద్ధతి తెచ్చారు. స్టాపులు తగ్గిస్తే ఉన్న స్టాపుల్లో జనం పెరుగుతారు. టికెట్ పద్ధతి మార్చకపోతే, దాటేసిన స్టాపుల్లో మిగిలిన టైములో కొంత అక్కడే ఖర్చవుతుంది.

లెక్కల మాస్టారు:
సరిగ్గా చెప్పారు. ఒకవేళ 52 కాక 60 అయిందనుకోండి. చుట్టు 136 నిమిషాలు. అవే 15 బస్సులతో 8 నిమిషాలకొకటి ఇవ్వలేరు, 9 దాటుతుంది. 8 నిమిషాలకే ఇవ్వాలంటే 17 బస్సులు కావాలి. వేగం మీద వేసిన అంచనా తప్పితే బస్సుల లెక్కా తప్పుతుంది.

ఇంకోటి. 8 నిమిషాలకొకటి అంటే సగటున 4 నిమిషాలు ఆగితే చాలు అనుకుంటాం. రెండు బస్సులు దగ్గరగా వచ్చేసి 14 నిమిషాలకొకటి, వెంటనే 2 నిమిషాలకొకటి అయితే? గంటకి వచ్చే బస్సుల సంఖ్య మారదు, కానీ సగటు ఎదురుచూపు 6 నిమిషాలు దాటుతుంది. ఎక్కువమంది ఆ 14 నిమిషాల ఖాళీలోనే స్టాపుకి వస్తారు కాబట్టి. సిగ్నల్ ప్రాధాన్యం ఆలస్యమైన బస్సుకి ఇస్తారా, అన్నిటికీ ఇస్తారా అని కూడా అడగండి.

మధ్య స్టాప్:
మరి తీసేసిన స్టాపుల్లో వాళ్ల సంగతి? 8 నిమిషాలకి వచ్చే బస్సు 16కి వస్తుందంటే, అంతా సవ్యంగా నడిచినా ఎదురుచూపు రెట్టింపే. రాపిడ్ ఎక్కేవాళ్లకి 18 నిమిషాలు కలిసొస్తాయి, బాగుంది. నాలుగు స్టాపులు వెళ్లి కూరగాయలు తెచ్చుకునే మనిషికి ఏం కలిసొచ్చింది? మామూలు బస్సు కనీసం 10, 12 నిమిషాలకైనా ఉంచమని రాయండి బాబూ.

డిపో మనిషి:
10కి అయితే 16 బస్సులు. మొత్తం 31. ఒప్పుకోరు.

మధ్య స్టాప్:
ఒప్పుకోరని అడగడం మానేస్తామా? అడిగితేనే కదా ఎందుకు కుదరదో చెప్పేది.

ప్రత్యేక దారి:
లేన్ ఇస్తే మామూలు బస్సు కూడా అందులోనే వేగంగా పోతుంది. అప్పుడు ఆ 10 బస్సులే ఇంకాస్త దగ్గర దగ్గరగా వస్తాయి. తిరిగి తిరిగి అక్కడికే వస్తున్నాం. నగరం మొత్తం అక్కర్లేదు, రద్దీ ఎక్కువున్న చోట, సిగ్నళ్ల ముందు, కొద్ది దూరం ఇచ్చినా చాలు.

పాత పాస్:
అంటే ఇందాక 5.8 కిలోమీటర్లు చాలలేదన్నారు, ఇప్పుడు కొద్ది దూరం చాలంటున్నారా?

ప్రత్యేక దారి:
చాలలేదని నేను అనలేదు. నిలబెట్టుకోలేదన్నాను. మళ్లీ చదవండి.

రోజూ ప్రయాణికుడు:
15 మాట తీసేశాను. 18 నిమిషాలు ఎక్కడెక్కడ మిగులుతాయో విడివిడిగా చూపించాలని, టికెట్ ముందే ఇచ్చి అన్ని తలుపుల్లోంచి ఎక్కనివ్వాలని, మామూలు బస్సు కనీసం 12 నిమిషాలకొకటైనా ఉండాలని రాశాను. సిగ్నళ్ల ముందు లేన్ కూడా ఒక లైను పెట్టాను. పంపేశాను. థాంక్స్ అండీ అందరికీ, మాస్టారూ ప్రత్యేకంగా.

కిటికీ సీటు:
మంచిది. ఆ 8 నిమిషాలకో రాపిడ్ బస్సు రోజంతానా, రద్దీ వేళల్లోనేనా? రాత్రి తొమ్మిది తర్వాత రాపిడ్ ఉంటుందా?

డిపో మనిషి:
అనుబంధంలో చూడాలి.