ఒబెరాన్-07లో పదాల పట్టిక ఎలా కట్టాలి? డీబగ్గింగ్ ఎలా చేస్తున్నారు?

అందరికీ నమస్కారం. కాలేజీలో టర్బో పాస్కల్ చేసినవాణ్ణి. ఇప్పుడు కాస్త తీరిక దొరికి ఒబెరాన్-07 అనే ప్రోగ్రామింగ్ భాష పట్టుకున్నాను. పాస్కల్ తయారుచేసిన నిక్లాస్ విర్త్‌దే ఇదీ. భాష మొత్తం వివరణ ఇరవై పేజీలు కూడా ఉండదు, నన్ను లాగింది అదే.

నా దగ్గరున్నవి పాత లినక్స్ లాప్‌టాప్, మామూలు టెక్స్ట్ ఎడిటర్, ఉచితంగా దొరికే ఒబిఎన్‌సి కంపైలర్. అది ఒబెరాన్ కోడ్‌ని సి భాషలోకి మార్చి సి కంపైలర్‌కి అప్పజెబుతుంది. చిన్నచిన్న ప్రోగ్రాములు హాయిగా నడుస్తున్నాయి.

చిక్కల్లా ఇక్కడ. ఒక తెలుగు ఫైల్లో ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. ఒబెరాన్‌లో క్యారెక్టర్ (ఒక అక్షరం దాచే రకం) అంటే ఒక్క బైటే. తెలుగు ఫైళ్లు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘అమ్మ’కే 12 బైట్లు. అయినా ఖాళీల దగ్గర విడగొడుతున్నాను కాబట్టి దానితో పేచీ లేదు. పదాలెన్నో ముందుగా తెలియదు, పాయింటరేమో (మెమరీలో చోటుని చూపేది) రికార్డుకే తప్ప అరేకి (వరసగా పేర్చిన విలువలకి) పెట్టనివ్వదు. ఒకదానికొకటి గొలుసులా కలిపే లింక్డ్ లిస్ట్ కడితే, ప్రతి పదానికీ మొదట్నుంచి వెతకాలి కాబట్టి పెద్ద ఫైలుకి నత్తనడకే. బైనరీ ట్రీ కట్టమంటారా, పాయింటర్లతో స్థిరమైన సైజు హ్యాష్ టేబుల్ పెట్టమంటారా?

ఇంకోటి, ఒబెరాన్-07లో రిటర్న్ (ఫలితం వెనక్కిచ్చే మాట) ప్రొసీజర్ చివర్లోనే రావాలి కదా. వెతుకులాట మధ్యలో దొరికితే బయటపడటానికి ‘దొరికింది’ అనే బూలియన్ (అవును/కాదు విలువ) పెట్టుకుంటున్నాను. మీరూ అంతేనా?

డీబగ్గింగ్‌కి, అంటే ప్రోగ్రాములో తప్పులు పట్టుకోవడానికి, నేను అడుగడుగునా విలువలు ప్రింట్ చేసుకుంటున్నాను. అంతకన్నా మెరుగైన ఉచిత దారి వాడుతున్నవాళ్లుంటే చెప్పండి. డబ్బు కట్టే టూల్స్ మాత్రం వద్దండీ.