సమస్య: మేళమెల్ల నొకఁడె మేలు మేలు

రంగనాయకులపేట (నిర్వహణ): మా తమ్ముడి పెళ్ళికి బ్యాండు మేళం మాట్లాడదామని ట్రంకు రోడ్డుకి పోతే పద్దెనిమిది మందికి లెక్కగట్టి డబ్బు చెప్పాడు. ఇంటికొచ్చి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అక్కడ అంతా ఒక్కడే వాయిస్తున్నాడు. అదీ ఈ వారం సమస్య పుట్టిన కథ. 2010 నుంచి 2019 లోపు వచ్చిన మీకిష్టమైన ఇండీ ఆల్బమ్ (పెద్ద కంపెనీల మూసలో పడని సంగీతం) మీద పూరించండి. రాసలీలలో కృష్ణుడని చెప్పి తప్పించుకోవద్దు, పోయినసారి నలుగురు అదే పని చేశారు.

కావలి కుర్రోడు:
పెర్తు నగరి యిల్లు, పేరు పార్కరు, తానె
పాట కట్టు, డప్పు బాదు, మీటు;
పదుగు రనుచుఁ దలఁచి పట్టి చూచితి నేను
మేళమెల్ల నొకఁడె మేలు మేలు

టేమ్ ఇంపాలా అంటే బ్యాండనే అనుకున్నా నేను, మూడేళ్ళపాటు. తీరా చూస్తే ఆ పేరుతో ఆల్బమ్‌లు కట్టేది ఆస్ట్రేలియా కెవిన్ పార్కర్ ఒక్కడే.

పెన్నగట్టు: నడక బాగుంది అబ్బయ్యా. కానీ ఏ ఆల్బమో పద్యంలో లేదే? 2012 నాటి లోనరిజమ్ అయితే మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసినవి కలిపే పని) ఇంకో మనిషిది. 2015 కరెంట్స్ అయితే అదీ తనే చేసుకున్నాడు. ‘ఎల్ల’ అన్నాక ఆ లెక్క తేలాలి.

కావలి కుర్రోడు: కరెంట్సే మాస్టారూ. గణాల్లో పట్టలా.

ఒంగోలు గిత్త: నేను లైను విరుస్తున్నా, కాచుకోండి.
మంచు కురియు నడవి మధ్య గుడిసెలోన
గొంతు నొకటి పదిగఁ గుట్టి పేర్చి
మూడు నెలలు చలికి ముడుచుకొనుచుఁ గట్టె
మేళ మెల్లనొకఁడె, మేలు మేలు

మెల్లన + ఒకఁడె. అమెరికా గాయకుడు జస్టిన్ వెర్నన్ బాన్ ఐవర్ అనే పేరుతో చేసిన తొలి ఆల్బమ్, విస్కాన్సిన్ అడవిలో వాళ్ళ నాన్న గుడిసెలో ఒక్కడే కూర్చుని రికార్డు చేసుకున్నది.

రంగనాయకులపేట (నిర్వహణ): మెల్లన! ఇది నాకు తట్టలేదు సామీ, తట్టుంటే సమస్యే ఇచ్చేవాణ్ణి కాదు.

పెన్నగట్టు: విరుపుకి చప్పట్లు కొట్టా, మా ఆవిడ లేచొచ్చి ఏందని అడిగింది. ఇప్పుడు రెండు మాటలు. ఒకటి, ‘మేళము’లో ‘ము’ ఏ పెన్నలో కలిసింది? గిత్తకి తోక కోస్తే ఊరుకుంటారా ఒంగోల్లో? రెండోది, ఆ ఆల్బమ్ తను సొంతంగా వదిలింది 2007లో, కంపెనీ వేసింది 2008లో. మనకిచ్చిన దశాబ్దం కాదు. 2011లో వచ్చిన రెండోది తీసుకోవచ్చు గానీ, అది గుడిసెలో కట్టింది కాదు.

ఒంగోలు గిత్త: 2012లో అమెరికా సంగీత అవార్డుల గ్రామీ వాళ్ళు ఆయన్ని ‘కొత్త కళాకారుడు’ అన్నారు గదన్నా, వాళ్ళకి లేని పట్టింపు నీకెందుకు? ‘ము’ మాత్రం నిజమే. నిన్నటి నించీ దానికోసమే తిరుగుతున్నా.

కొత్తపట్నం అల:
అమ్మ పోయె ననుచు నడలుచుఁ బాడెను
డప్పు లేదు, వట్టి గోల లేదు,
సుఫ్జనన్న గొంతె చుట్టుకొనెను నన్ను
మేళమెల్ల నొకఁడె మేలు మేలు

అమెరికా గాయకుడు సుఫ్జన్ స్టీవెన్స్ ఆల్బమ్ క్యారీ అండ్ లోవెల్, 2015. క్యారీ వాళ్ళమ్మ, 2012లో పోయింది. లోవెల్ మారు తండ్రి. సింగరాయకొండలో రైలు గంటన్నర ఆగిపోతే కిటికీ పక్కన కూర్చుని మొత్తం విన్నా, ఎదురు సీటు పెద్దామె ఏడుస్తున్నావా నాయనా అని సజ్జబూరె చేతిలో పెట్టింది.

ఒంగోలు గిత్త: సజ్జబూరెకి పూర్తి మార్కులు. ‘డ’కి ‘గో’ యతా (పాదం మొదటి అక్షరానికి జోడీ కుదరాల్సిన అక్షరం)? పెన్నగట్టు అన్న దీన్ని చూడకుండా నా తోక పట్టుకున్నాడు.

పెన్నగట్టు: చూశాను, ఏడుస్తున్న పిల్లాణ్ణి ఎందుకులే అని వదిలేశా. ‘వట్టి డంబ మేల’ అని దిద్దుకో. అయినా ఆ ఆల్బమ్‌లో గొంతు కలిపినవాళ్ళు, వాయించినవాళ్ళు వేరే ఉన్నారు గదా, ఒకఁడె ఎట్టా?

కొత్తపట్నం అల: దిద్దాను. ఒకఁడె అంటే, ఆరోజు నా ఇయర్‌ఫోన్స్‌లో ఎడమ చెవిది పనిచెయ్యలేదు అన్నా. నాకు వినిపించినంతవరకూ ఒక్కడే.

పెన్నగట్టు: ఇంత నిజాయితీ గల సమర్థన తిక్కన గారి ఊళ్ళో ఉండి కూడా నేను వినలా. సరే, నాదీ ఒకటి. కెనడా బ్యాండు ఆర్కేడ్ ఫైర్, ద సబర్బ్స్, 2010.
ఊరి చివరి యిళ్ళ యూసులఁ బాడిరి
గుంపు గుంపె కూడి గొంతు కలిపి,
గ్రామి నాఁడు వేదికంత నిండిరి గదా,
మేళమెల్ల నొకఁడె? మేలు మేలు!

ఒంగోలు గిత్త: ప్రశ్నార్థకం పెట్టి సమస్యనే వెక్కిరించావే! 2011లో వాళ్ళకి ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ వచ్చిందంటే ఎవరికీ నమ్మకం కుదరలేదు, అదే నీ పద్యానికీ. బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ సభవారికి ఒక మనవి. పోయిన ఉగాదికి చేపల పులుసు దత్తపదిలో (ఇచ్చిన పదాలు పెట్టి పద్యం కట్టే ఆట) ‘పులుసు’ సూర్యగణం (మూడు లఘువులు గానీ, గురువు, లఘువు గానీ) కాదని రెండు రోజులు వాదించింది ఈ అన్నే.

పెన్నగట్టు: ఆరోజు జ్వరం.

రంగనాయకులపేట (నిర్వహణ): పులుసు సంగతి ఇక్కడ ఎత్తొద్దన్నానా లేదా? పూరణలు ఆదివారం రాత్రి దాకా.

కావలి కుర్రోడు: ఒక్క మాట మాస్టారూ. మనం నోటితో ‘పుల్సు’ అనే గదా అంటాం? అట్ట తిన్నా సూర్యుడే.