మక్కు ముట్టుకోలేని అబ్బాయి బొమ్మలు ఎలా అతికించాలి?

మా అబ్బాయికి 16 ఏళ్లు, ఆటిజం ఉంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కర్రంటే ప్రాణం. ముక్క చేతికిస్తే ముందు చెంపకి ఆనించుకుంటాడు, వాసన చూస్తాడు, ఆ తర్వాతే ఉలి పడతాడు. కర్ర పొర ఎటు పోతే అటే చెక్కుతాడు కాబట్టి వాడి ఏనుగులు కాస్త వంకర (నాకవే ఇష్టం).

చిక్కల్లా ముక్కలు అతికించే మక్కుతోనే. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ఆ ముద్ద వేలికి అంటిందంటే ఆ రోజుకి పని అయిపోయినట్టే. గ్లౌజులు వేస్తే కర్ర తెలియడం లేదంటాడు. తొండం నేను అతికిస్తే బొమ్మ తనది కాదని పక్కన పెట్టేస్తున్నాడు.

చేతికి అంటకుండా మక్కు పెట్టే పద్ధతి ఎవరికైనా తెలుసా? లేక ఒకే ముక్కలో చెక్కే బొమ్మలవైపు మళ్లించమంటారా? ఏటికొప్పాక లక్క బొమ్మల పని అనుకున్నాం గానీ, కర్రని తిప్పే లేత్ మోటారు మోతకి వీడు నిలవలేడు.