‘ఒంటి తత్వం’ అన్న మాట సైన్సు పాఠంలో వాడొచ్చా?

ప్రశ్న: తిరుపతిలో ఇంటర్ పిల్లల కోసం షుగర్ జబ్బు మీద తెలుగులో పాఠం రాస్తున్నాను. 2024 వైద్య నోబెల్ మైక్రో ఆర్ఎన్ఏకే (కణంలో జన్యువుల పనిని అదుపుచేసే బుల్లి ఆర్ఎన్ఏ ముక్క) వచ్చింది కాబట్టి దాన్ని వదలలేను. ఒకే మైక్రో ఆర్ఎన్ఏ అందరిలో ఒకేలా పనిచేయదని, జన్యువులు, తిండి, ఆడా మగా తేడా మూడూ కలిసి దాని ప్రభావాన్ని మారుస్తాయని చెప్పాలి. ‘వంశపారంపర్యం’ అని రాస్తే తిండి బయటే ఉండిపోతోంది. మా చిత్తూరు పక్క పెద్దవాళ్ళు అనే ‘ఒంటి తత్వం’ సరిపోతుందా?

జవాబు: బాగా సరిపోతుందక్కా. వంశపారంపర్యం తరాల వరసను మాత్రమే చెబుతుంది. ‘మా వంశంలోనే షుగర్ ఉంది, ఇంకేం చేస్తాం’ అని తిండి సంగతి వదిలేసేవాళ్ళను చూస్తుంటే, ఆ మాట ఒక్కటే పిల్లల చేతికివ్వడం నాకు ఇష్టం లేదు. ‘వాడిది వేడి ఒళ్ళు, మామిడిపండు పడదు’ అంటాం. అక్కడ ఒళ్ళూ తిండీ కలిసే ఉన్నాయి. ‘బాలింత ఒళ్ళు’ అన్నప్పుడు ఆడవాళ్ళ శరీరం సంగతీ వచ్చేసింది.

పాఠంలో మిర్-375 అనే మైక్రో ఆర్ఎన్ఏను తప్పకుండా పెట్టండి. అది క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో మెండుగా ఉంటుంది. మోతాదు పెరిగితే ఇన్సులిన్ విడుదల తగ్గుతుంది. పూర్తిగా తీసేస్తే చిట్టెలుకల్లో బీటా కణాలే తగ్గి షుగర్ పెరిగింది. అంటే అది మంచిదా చెడ్డదా అని అడగడానికే లేదు. కొవ్వు తిండి పెడితే కాలేయంలో కొన్ని మైక్రో ఆర్ఎన్ఏల మోతాదులు మారిపోతాయి. ఇక ఆడా మగా తేడాకు వస్తే, ఎక్స్ క్రోమోజోమ్ మీద మైక్రో ఆర్ఎన్ఏ జన్యువులు వందకు పైగా ఉంటే, వై మీద బహు కొద్ది.

జన్యువుల వంతుకు ఇంకో ఉదాహరణ ఉంది, మైక్రో ఆర్ఎన్ఏది కాకపోయినా. ఆకలిని అదుపుచేసే లెప్టిన్ హార్మోన్ జన్యువు చెడిన చిట్టెలుకల్లో ఒక జాతికి షుగర్ కొన్నాళ్ళు పెరిగి తగ్గుతుంది, ఇంకో జాతికి ముదిరిపోతుంది. లోపం ఒకటే, తత్వాలు వేరు.

ఇంకొకరు: నాదొక అభ్యంతరం సార్. ఆయుర్వేద కాలేజీ ఉన్న ఊరు మనది. తత్వం అనగానే పిల్లలు వాత పిత్తాల వైపు పోతారు. పైగా తత్వం అంటే పుట్టుకతో వచ్చి మారనిది అనుకుంటారు.

జవాబు: మీ మాట నిజం. అందుకే మొదటిసారి వాడినచోటే అర్థం కట్టేయాలి. అక్కా, ఇలా రాయండి: ‘ఈ పాఠంలో ఒంటి తత్వం అంటే పుట్టుకతో వచ్చిన జన్యువులు, ఆడా మగా తేడా, రోజూ తినే తిండి కలిసి ఒంటికి తెచ్చే స్థితి. తిండి మారితే ఇదీ కొంత మారుతుంది.’ మైక్రో ఆర్ఎన్ఏను మాత్రం అనువదించొద్దు, పరీక్షలో అదే పేరు వస్తుంది.